పారుతీగ

వరహాలు చనిపోయిన ఉదయం జాజిగూడెంలో ఎదురింటి గోడ కూడా కనిపించనంత మంచు పట్టింది. ఏడూ ఇరవైకి అతని భార్య పైడితల్లి విశాఖపట్నానికి ఫోన్ చేసింది. అవతల ఫోన్ ఎత్తింది వరహాలు అక్క నూకరత్నం. ఆమె సౌరవిద్యుత్ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. ల్యాబుకు బయలుదేరుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది.

"వొదినా, ఆయన డాబా మీద కూకున్నట్టే ఉన్నాడు. పిలిస్తే పలకట్లేదు," అంది పైడితల్లి.

ఆ గొంతులో ఏడుపు లేదు. ఇదేమిటో ఎవరైనా చెబితే బాగుణ్ణు అన్నట్టు ఉంది. రత్నం ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఘాట్ రోడ్డెక్కి ఆమె ఆసుపత్రి చేరేసరికి మధ్యాహ్నమైంది. కరెంటు షాకని డాక్టరు అప్పటికే రాసేశాడు. కుడి అరచేతిలో చిన్న నల్లమచ్చ, ఎడమ మోకాలి మీద ఇంకొకటి. అంతే. మొహం నిద్రపోతున్నట్టే ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆ కొండల మీద సోలార్ ప్యానెళ్లు బిగిస్తున్న మనిషి, ముప్ఫై మందికి ఆ పని నేర్పిన మనిషి, ఎండపొడ కూడా లేని వేళ సొంత డాబా మీద కరెంటుకు ఎలా పోతాడో రత్నానికి అర్థం కాలేదు.

కోతులు దూకి ఒక ప్యానెల్ పగలగొడితే దాన్ని మార్చడానికి ఎక్కాడట. విచారణకు వచ్చిన అధికారి డాబా అంతా చూశాడు. చేతికి తొడుగుల్లేవు. ప్యానెళ్ల మీద కప్పాల్సిన టార్పాలిన్ బరకం పక్కన కుప్పగా పడివుంది. ప్యానెళ్లు కప్పకుండా జాయింటు విప్పాడు కాబట్టి నిర్లక్ష్యం అని రాసుకున్నాడు. ఆ పని చేసేవాళ్లందరికీ అదే మొదటి పాఠం: ముందు కప్పు, తర్వాతే విప్పు. వెలుతురు పడకపోతే ప్యానెల్‌లో ప్రాణం ఉండదు.

"కప్పకుండా ఆయన చెయ్యి పెట్టడు. కిందనుంచి బరకం అందించింది నానే," అంది పైడితల్లి.

అధికారి తలూపాడు గానీ రాసుకోలేదు.

ఆ ప్యానెళ్ల వెనక అంటించిన పొర రత్నం కనిపెట్టినదే. దానికి మూలం మాత్రం వరహాలు. నాలుగేళ్ల కిందట ఒకసారి అక్క వస్తే డాబా ఎక్కించి చూపించాడు. కార్తీకం నుంచి మాఘం దాకా ఆ కొండల మీద పదకొండు దాటితే గాని ఎండ రాదు. అందాకా ప్యానెళ్లు నిద్రపోతాయి. ఆరోగ్య ఉపకేంద్రంలో టీకాలు పెట్టే ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. అందుకని అతను ఏటా మంచు మొదలవగానే ఇల్లిల్లూ తిరిగి, డాబాలెక్కి, జాయింట్లు విప్పి తీగల వరసలు మార్చేవాడు. చెట్టు నీడ పడే ప్యానెళ్లను విడదీసి ఒక జట్టు చేసేవాడు. మిగిలినవాటిని ఒకే పొడుగు వరసలో కలిపేవాడు. మంచు పోయాక మళ్లీ పాత పద్ధతిలో పెట్టేవాడు.

"వెలుతురు పల్చబడిందంటే వరస పొడుగవ్వాలప్పా. అందరూ చేతులు పట్టుకుంటే గాని బరువు లెగదు," అన్నాడు అక్కతో.

ఆ వరసలు వాటంతట అవే మారితే? అదీ నెలకోసారి కాదు, నిమిషానికోసారి? రత్నం ఆ ఆలోచన పట్టుకుని ల్యాబుకు వెళ్లింది. వెంట్రుకంత సన్నని కాలువలున్న పల్చటి పొర తయారుచేసి, వాటిలో పాదరసంలా పారే ఒక లోహం నింపింది. వెలుతురు దండిగా ఉంటే ఆ లోహం విడివిడిగా పారి పొట్టి వరసలు కడుతుంది. వెలుతురు తగ్గితే ఒకదాన్నొకటి వెతుక్కుని పొడుగు వరస కడుతుంది. ఆ వచ్చే కాస్త కరెంటునూ పొర అడుగున బొట్టుబొట్టుగా దాచి ఒక్కసారిగా అందిస్తుంది. పారుతీగ అని దానికి పేరు పెట్టింది వరహాలే. దానికి మీట లేదు. వెలుతురే దాని మీట అని రత్నం సభల్లో గర్వంగా చెప్పేది. రెండేళ్లలో ముప్ఫై ఒక్క గూడేల్లో రెండు వందల పధ్నాలుగు ఇళ్లకు వరహాలు దాన్ని అంటించాడు. దట్టమైన మంచులో కూడా ఉదయం ఆరున్నరకే బల్బులు వెలిగాయి.

మూడో రోజు ఇంటినిండా చుట్టాలున్నారు. పైడితల్లి ఎవరితోనూ మాట్లాడటం లేదు. రత్నం పక్కన కూర్చుంటే ఒక్క మాట అంది.

"కప్పేడు వొదినా. నువ్వైనా నమ్ము."

రత్నం అప్పుడే లేచి విశాఖపట్నం బయలుదేరింది. నమ్మడం కాదు, రుజువు చెయ్యవచ్చనుకుంది. ప్రతి ఇంటి పారుతీగా ఏ క్షణాన ఏ వరస కట్టిందో ల్యాబుకు పంపుతూనే ఉంటుంది. బరకం కప్పితే ప్యానెళ్ల మీద చీకటి పడుతుంది. ఆ చీకటి లెక్కలో ఉంటుంది. తమ్ముడి పేరు మీదనుంచి ఆ నిర్లక్ష్యం అన్న మాట తుడిచెయ్యాలి. దారి పొడుగునా ఆమె మనసులో ఉన్నది అదొక్కటే.

మర్నాడు ల్యాబులో సహాయకురాలు జుబేదా వరహాలు పోయిన ఉదయపు రికార్డు తెరిచి పెట్టింది. ఏడూ ఆరుకు ఎనిమిది ప్యానెళ్లూ కింది అంచు నుంచి పై అంచు దాకా చీకటయ్యాయి. కప్పాడు. రత్నం కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకుంది. దాన్ని కాయితం మీద అచ్చు తీయమని జుబేదాతో చెప్పి కింది పంక్తి చూసింది.

ఏడూ ఏడుకు పారుతీగ కదలడం మొదలైంది.

అది కదలకూడదు. వెలుతురు లేనప్పుడు చెయ్యడానికి దానికి పనేమీ లేదు. కానీ ఏడూ తొమ్మిదికి ఎనిమిది ప్యానెళ్లలోని నాలుగు వందల ఎనభై సెల్ గడులూ ఒకే వరస కట్టేశాయి. బరకం నేతలోంచి చొరబడుతున్న ఆ రవ్వంత వెలుతురు కోసం తీగ ఉన్న బలమంతా కూడగట్టుకుంది. అడుగున దాచుకున్నదంతా ఆ వరసకు తోడైంది. వోల్టులు వందల్లోంచి వేలల్లోకి పాకాయి. ఏడూ పధ్నాలుగుకు వరహాలు జాయింటు విప్పాడు.

రత్నం తెర మీద వేలు పెట్టి ఆ అంకెను రెండుసార్లు చదివింది. మీటరు తప్పయ్యుంటుంది అంది. ఆ మాట ఎవరితో అందో ఆమెకే తెలియదు.

బల్ల మీద పరీక్షకు ఉంచిన ప్యానెల్ ఒకటుంది. జుబేదా కిటికీ పరదా తీసి దాని మీద కప్పింది. ఇద్దరూ నిలబడి చూశారు. మొదటి నిమిషం మీటరు సున్నా దగ్గరే ఉంది. తర్వాత పెరగసాగింది. నూరు, మూడు నూర్లు, ఎనిమిది నూర్లు. ఒక్క ప్యానెల్‌కే అంత. రత్నం చెయ్యి తనకు తెలియకుండానే పరదా అంచు మీదకు వెళ్లింది.

"మేడమ్, చెయ్యి తీసెయ్యండి," అంది జుబేదా నెమ్మదిగా.

కిటికీ దగ్గర గొడుగు ఉంటే దాని కొసతో పరదా లాగారు. వెలుతురు పడింది. నలభై సెకన్లలో మీటరు మళ్లీ మామూలు అంకెకు వచ్చింది. రత్నం నేల మీదే కూర్చుంది. పారుతీగను ఆమె మంచులో పరీక్షించింది, మబ్బులో, వానలో, సంధ్య వెలుగులో పరీక్షించింది. పూర్తిగా కప్పి ఎన్నడూ చూడలేదు. చీకట్లో కరెంటు ఎవరిక్కావాలి? ప్యానెల్ పగిలితే ఎలా విప్పుతావురా అని తమ్ముణ్ణి ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాడు. అడగలేదు.

కప్పాడు. కప్పాడు కాబట్టే చనిపోయాడు.

రికార్డులో ఇంకా కొన్ని పంక్తులున్నాయి. అవి కూడా చదివి ఆమె డైరెక్టరు గదికి నడిచింది.

సంస్థ డైరెక్టరు సదాశివమూర్తి పెద్ద మనిషి, తొందరపడే స్వభావం కాదు. విషయం విని తెల్లబోయాడు. అయినా పరీక్ష మరోసారి చెయ్యాలనీ, సోమవారం కమిటీ కూర్చున్నాక ప్రకటన ఇద్దామనీ, ముందే బయటపెడితే జనం హడలిపోతారనీ అన్నాడు. ఆయన మాట్లాడుతుండగా గోడ మీది టీవీలో తుపాను హెచ్చరిక వచ్చింది. శుక్రవారం సాయంత్రానికి తీరం దాటుతుందట. కొండ ప్రాంతాల్లో ఈదురుగాలులు, వడగళ్లు. ఇల్లు గలవాళ్లు తగు జాగ్రత్తలు తీసుకోవాలట.

రత్నం ఆ తెర వంకే చూస్తూ ఉండిపోయింది. ఆ రెండు వందల పధ్నాలుగు ఇళ్లలోనూ గోడకు ఒక కాయితం అంటించి ఉంటుంది. వరహాలు రాయించినది. గాలివాన వచ్చే ముందు ఏం చెయ్యాలో బొమ్మలేసి మరీ చెప్పాడు. ఒకటి, ప్యానెళ్ల మీద బరకం కప్పి కట్టండి. రెండు, జాయింటు విప్పెయ్యండి. అడుగున సంస్థ ముద్ర ఉంది. అది వేయించింది రత్నమే, పైన ఏం రాసుందో చదవకుండానే.

"సర్, రేపు సాయంత్రంలోగా అంతమందీ నిచ్చెనలెక్కుతారు," అంది. ఆయన జవాబు కోసం ఆగలేదు.

ఆమె జాజిగూడెం చేరేసరికి పొద్దు వాలుతోంది. పైడితల్లి పెరటి వైపు అరుగు మీద ఒంటరిగా కూర్చుంది. రత్నం ఎదురుగా నేల మీద కూర్చుంది.

"కప్పాడు పైడితల్లీ. రికార్డులో ఉంది. నువ్వు చెప్పింది నిజం," అంది. ఆగి, మిగతాది చెప్పింది. "కప్పినందుకే పోయాడు. నేను చేసిన తీగ కప్పితే ఆగదు, ఇంకా బలం పుంజుకుంటుంది. ఆ సంగతి నాకు తెలీదు. తెలుసుకోవాల్సింది నేను."

పైడితల్లి కదల్లేదు. అర్థం కాలేదేమోనని రత్నం మళ్లీ చెప్పబోయింది.

"అర్థమైంది," అంది పైడితల్లి. ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది. "మరి నాను పైకెళ్లి రెండు చేతుల్తోటీ పట్టుకుని ఊపేను. ఆ ఇనప చట్రం మీదే కూకున్నాను. నాకేటీ అవ్వలేదేటి?"

దానికి జవాబు రత్నం ల్యాబులో చదివిన ఆఖరి పంక్తుల్లో ఉంది; అదే చెప్పింది. జాయింటు విప్పిన పదకొండు సెకన్లకు కింది ప్యానెల్ మూలన వెలుతురు పడింది. తర్వాత పక్క ప్యానెల్, దాని పక్కది. బరకం జారిపడితే అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి, లేదా అక్కడోటి ఇక్కడోటి. ఇవి వరసగా, ఒకదాని వెనక ఒకటి, తొమ్మిది సెకన్లపాటు తెరుచుకున్నాయి. ఎవరో చేత్తో లాగితే తెరుచుకున్నట్టు. ఆ వెలుతురుకు పారుతీగ విడిపోయింది. పైడితల్లి డాబా ఎక్కేటప్పటికి అందులో చంపేంత బలం లేదు.

"నాకు తెలిసింది ఇంతే. వాడు ఏమనుకుని లాగాడో రికార్డు చెప్పదు," అంది రత్నం.

పైడితల్లి తన అరచేతులు తిప్పి చూసుకుంది. రత్నం దగ్గరకు జరగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఇంట్లో ఎవరో దీపం వెలిగించారు. ఆ తర్వాత రత్నం తుపాను సంగతి చెప్పింది, గోడ మీది కాయితం సంగతి చెప్పింది. తను ఫోన్ చేస్తే ఎవరూ వినరని, పట్నం మేడమ్ మాట కన్నా వరహాలు మాటే వాళ్లకు ఎక్కువని చెప్పింది.

"ఆయన మాట తప్పని నా నోటితోటి సెప్పాలా?"

పైడితల్లి లేచి లోపలికి వెళ్లింది. ఇక రాదనుకుంది రత్నం. ఆమె వరహాలు పని పుస్తకం పట్టుకుని తిరిగొచ్చింది. అందులో ప్రతి ఇంటివాళ్ల పేరూ ఫోన్ నంబరూ ఉన్నాయి. ఆ ఇళ్లన్నిటికీ కొలతల టేపు పట్టుకుని మొగుడితో తిరిగిన మనిషి ఆమె. ఏ గూడెంలో ఫోన్ అందుతుందో, అందకపోతే ఎవరితో కబురంపాలో ఆమెకు తెలుసు. పుస్తకం తెరిచి మొదటి నంబరు నొక్కింది.

ఆ సాయంత్రమూ మర్నాటి ఉదయమూ ఆమె ఒకే మాట చెప్పింది. కప్పొద్దు, విప్పొద్దు, ముట్టుకోవద్దు, విరిగితే విరగనీండి. దుఃఖం చెప్పుకోవడానికి చేసిందనుకుని కొందరు అవతల ఏడిచారు. కొందరు వాదించారు. వరహాలు స్వయంగా నేర్పాడు కదా అన్నారు. అప్పుడు ఆమె రెండో మాట చెప్పాల్సి వచ్చింది. అది చెప్పినప్పుడల్లా కళ్లు మూసుకునేది. మహిళా సంఘాల వాళ్లకు, ఆశా కార్యకర్తలకు, బస్సు డ్రైవర్లకు కబుర్లు వెళ్లాయి. అప్పటికే కప్పినవాళ్లు దూరం నుంచి వెదురు గడలతో బరకాలు లాగేశారు. శుక్రవారం మధ్యాహ్నానికి పుస్తకంలో టిక్కు పడని ఇల్లు ఒక్కటే మిగిలింది. పనసబంద గూడెంలో కొర్రా బొంజుబాబుది.

జీపులో వెళ్లారు. ఆకాశం బూడిదరంగుకు తిరిగి చినుకులు పడుతున్నాయి. వీళ్లు మలుపు తిరిగేసరికి బొంజుబాబు రేకుల కప్పు మీద ఉన్నాడు. బరకం కప్పడం, తాళ్లు బిగించడం అయిపోయాయి. మోకాళ్ల మీద వంగి చెయ్యి కిందికి చాపుతున్నాడు.

రత్నం అరిచింది. గాలికి ఆ అరుపు ఎటో పోయింది. పైడితల్లి అప్పటికే జీపు దిగి పరిగెత్తి నిచ్చెన మొదట్లో నిలబడింది.

"బొంజన్నా, చెయ్యి తియ్యి," అంది.

అతను ఆమెను గుర్తుపట్టి చెయ్యి ఆపాడు గాని తియ్యలేదు. వరహాలు ఇలాగే చెయ్యమన్నాడనీ, ఇది విప్పేసి దిగిపోతాననీ అన్నాడు.

"మాయన ఇలాగే కప్పేడు. ఇలాగే చెయ్యెట్టేడు. అందుకే పోనాడు." ఆమె నిచ్చెన పట్టుకుంది. "ఆయన సెప్పింది తప్పు బొంజన్నా. నాను సెబుతున్నాను. దిగు."

బొంజుబాబు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత తన చేతి వైపు, జాయింటు వైపు చూశాడు. మధ్యలో బెత్తెడు దూరం ఉంది. చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుని, నిచ్చెన మెట్టు కోసం కాలితో వెతుక్కుంటూ దిగాడు. అతని భార్య వచ్చి పట్టుకుంది. రత్నం వెదురు గడకు కట్టిన కొడవలితో తాళ్లు తెంచి బరకం లాగేసింది.

ఆ సాయంత్రం తుపాను కొండలను ఊడ్చిపెట్టింది. డెబ్బై ఇళ్ల మీద ప్యానెళ్లు పగిలిపోయాయి. మనిషి ప్రాణం ఒక్కటీ పోలేదు.

కమిటీ తన నివేదికలో నిర్లక్ష్యం అన్న మాట కొట్టేసి, ఊహించని ప్రమాదం అని రాసింది. రత్నం దాని మీద సంతకం పెట్టలేదు. ఊహించవచ్చనీ, పని చేసేవాణ్ణి ఒక్క ప్రశ్న అడిగితే తెలిసేదనీ, అడగనిది తనేననీ వేరే కాయితం రాసిచ్చింది. ఆమెను పరిశోధన నుంచి తప్పించారు. ఆమె వెళ్లి, ఆ పొరలన్నీ ఊడదీసే పని తనకే ఇమ్మని అడిగింది.

ఆ పని చేసే తీరు ఆ వృత్తిలో అందరూ నేర్చుకున్నదానికి తలకిందులు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడే విప్పాలి. కాస్త నీడ పడినా ఆపాలి. రోజుకు రెండు గంటలు దొరికితే గొప్ప. వరహాలు దగ్గర పని నేర్చినవాళ్లు నలుగురు వచ్చారు. మొదటి రోజే పైడితల్లి కూడా వచ్చి మొగుడి పనిముట్ల సంచి భుజాన వేసుకుని నిలబడింది. రత్నాన్ని పలకరించలేదు. పని మాటలు మిగతావాళ్లతో చెప్పేది. ప్రతి ఇంట్లోనూ రత్నం ముందుగా కూర్చుని, ఈ తీగ చేసింది నేనే, దీనివల్ల పోయింది నా తమ్ముడు అని చెప్పి అప్పుడు డాబా ఎక్కేది. ఆ మాట అనేటప్పుడు పైడితల్లి బయటే ఉండిపోయేది.

ఇరవయ్యో ఇంట్లోనో, ఇరవై ఒకటో ఇంట్లోనో ఒక ముసలావిడ, ఇది తీసేస్తే మంచు రోజుల్లో పొద్దున్నే బల్బు వెలగదా అని అడిగింది. వెలగదు, పదకొండు దాకా వెలగదు అంది రత్నం. ముసలావిడ కాసేపు ఆలోచించి, సరే అయితే, పదకొండు దాకా ఆగుతాం అంది.

ఆ ఇంటి మీద నాలుగు ప్యానెళ్లు. మూడు పొరలు ఊడాయి. నాలుగోదాని అంచు గట్టిగా పట్టుకుపోయింది. రత్నం బోర్లా వంగి రెండు చేతులూ లోపలికి పెట్టి గోకుతోంది. చెమట కళ్లలోకి కారుతోంది. ఎన్ని నిమిషాలైందో చూసుకోలేదు.

కింద నిచ్చెన పట్టుకున్న పైడితల్లి తలెత్తి పడమటి కొండ వైపు చూసింది.

"వొదినా," అంది. నెల రోజుల తర్వాత మొదటిసారి. "దిగు. మబ్బేస్తంది."

రత్నం చేతులు వెనక్కి తీసుకుని దిగింది.